బల్లపై కూర్చున్న బాలుడు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున వల్లూరులో జరిగిన తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఈ వేదికపై నుండి మేము పరీక్షా ఫలితములను గూర్చియు, మాతృభాషలో విద్యాబోధన యొక్క ఆవశ్యకతను గూర్చియు మాటలాడుట మీకు అలవాటైన విషయమే. ఈసారి ఫుట్‌బాలు ఆటను గూర్చి మాటలాడదలచితిమి. ప్రధానోపాధ్యాయునికి బంతి గొడవ యేల యని కొందరు పెద్దలు నవ్వుకొనవచ్చును. కాని మీలో పలువురు ఇటీవల మా గదికి వచ్చి, "సార్, పిల్లవాడు బాగా ఆడుతున్నాడంటారు, పట్నంలో అకాడమీలో చేర్పిస్తే ఎట్లుంటుంది?" అని అడుగుచున్నారు. నిలువుకాళ్ల మీద చెప్పదగిన సమాధానము కాదు గనుక, అందరి యెదుట ఒక్కసారి చెప్పుట మేలని తలచితిమి.

ముందుగా అకాడమీ యనగా నేమో తెలిసికొందము. ఒక ఫుట్‌బాలు క్లబ్బు పది పండ్రెండేండ్ల వయసు మొదలుకొని బాలురను చేర్చుకొని, వయసుల వారీగా జట్లు కట్టి శిక్షణ నిచ్చును. 13 ఏండ్ల లోపువారు, 15 ఏండ్ల లోపువారు, ఆపైవారు, ఇట్లు మెట్లు మెట్లుగా నుండును. అన్నిటికంటె పైమెట్టు క్లబ్బు యొక్క పెద్ద జట్టు. ఏటేట క్రిందినుండి బాలురు వచ్చుచునే యుందురు. పైన మాత్రము ఒకేసారి ఆడువారు పదునొకండుగురే. పెద్ద జట్టులో స్థానమేర్పడినను, సిద్ధముగా నున్న అనుభవశాలిని వెలయిచ్చి తెచ్చుకొనుట క్లబ్బునకు సులభము. ఎదుగుచున్న బాలుని నమ్మి దింపుటకు ఓర్పు కావలెను. నాలుగు ఆటలు ఓడినచో తన యుద్యోగమే పోవునని శిక్షకుడు భయపడును. ఆ భయము యొక్క భారము చివరకు బాలుని మీద పడును.

ఇక మన యింటి సంగతి చెప్పెదము. నాలుగు సంవత్సరముల క్రిందట మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచుండిన బాలుడొకడు ఎంపిక పోటీలలో నెగ్గి, ఒక నగరమందలి అకాడమీలో చేరెను. పేరు చెప్పుట మాకిష్టము లేదు. ఊరు చిన్నది, ఎవరో మీకు తెలియును, తెలిసినను ఊరకుండుడని ప్రార్థన. ఆనాడు మేమే బదిలీ పత్రముపై సంతకము చేసి, వాని వీపు తట్టి పంపితిమి. మొదటి సంవత్సరము వాడు తన యీడువారితో బాగుగనే ఆడెను. పిమ్మట పెద్ద జట్టుతో కలసి సాధన చేయుటకు పిలుపు వచ్చెను. తండ్రి ఊరంతయు బెల్లము పంచెను. వానికి జట్టు చొక్కా తొడిగించిరి, బల్లపై కూర్చుండబెట్టిరి. "వచ్చే వారము" అనిరి. రెండేండ్లు గడచినను ఆ వచ్చే వారము రాలేదు. ఒకసారి ఆట ముగియవచ్చినప్పుడు, లేచి ఒళ్లు వేడెక్కునట్లు పరుగిడుమని చెప్పిరట. వాడు గీత వెంబడి పరుగిడుచుండగనే ఈల వేసిరి. ఆట ముగిసెను.

గత వేసవిలో తండ్రి సెల్‌ఫోనుకు రెండు పంక్తుల సందేశము వచ్చెను. రాబోవు సంవత్సరమునకు వానిని కొనసాగించుట లేదని దాని సారాంశము. కారణము లేదు, ఇక నేమి చేయవలెనన్న సలహాయును లేదు. నగరములో వానిని ఆంగ్ల మాధ్యమ పాఠశాలలో చేర్చియుండిరి. ఉదయము సాధన, సాయంకాలము సాధన, నడుమ తరగతిలో కునుకుపాట్లు. తెలుగులో విప్పి చెప్పువారెవ్వరును లేరు. పదవ తరగతి పరీక్షకు కూర్చుండకయే వాడు తిరిగివచ్చెను. ఆ తండ్రి మా యెదుట కూర్చుండి యొకే మాట యనెను: "ఓడిపోయి వచ్చింటే బాధ లేదు సార్. వాన్ని ఆడనే ఈలేదు." నాటినుండి ఆ మాట మా మనసును తొలుచుచునే యున్నది.

ఇది ఒక్క క్లబ్బు దోషమని మేమనుట లేదు. నిబంధనలలోనే ఈ లోపము కనబడుచున్నది. మన దేశమున పెద్ద పోటీయైన ఇండియన్ సూపర్ లీగులో 2021-22 సంవత్సరమునకు చేసిన నిబంధన ప్రకారము, ప్రతి క్లబ్బును యువ ఆటగాండ్రను కనీసము నలుగురిని చేర్చుకొనవలెను. వారిలో ఇద్దరి పేర్లు ఆటనాటి పట్టికలో నుండవలెను. ఉద్దేశము మంచిదే. కాని పట్టికలో పేరుండుట వేరు, మైదానములో కాలు పెట్టుట వేరు. హాజరుపట్టికలో పేరున్నంతమాత్రమున పిల్లవానికి పాఠము వచ్చినట్లు కాదని ఉపాధ్యాయులకు వేరుగ చెప్పవలెనా?

ఈ చిక్కును గుర్తించియే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యవారు 2010లో కేవలము యువకులతో నొక జట్టును కట్టిరి. ఇండియన్ యారోస్ అను పేర ప్రసిద్ధి చెందిన ఆ జట్టు 2013లో ఆగి, 17 ఏండ్ల లోపువారి ప్రపంచ కప్పు పోటీలు మన దేశమున జరిగిన 2017లో మరల మొదలయ్యెను. అందులో విదేశీయులు లేరు. గెలిచినను ఓడినను పిల్లలే ఆడవలెను. ఆ ప్రపంచ కప్పులో కొలంబియాపై భారతమునకు గోలు చేసిన జీక్సన్ సింగ్ పిమ్మట ఈ జట్టులో ఆడి, ఆపైన కేరళ బ్లాస్టర్స్ పెద్ద జట్టునకు ఎదిగెను. అట్టి జట్టును 2022లో రద్దు చేసిరి. తప్పులు చేయుచు నేర్చుకొనుటకు బాలునికుండిన చోటొకటి అంతటితో పోయెను.

పూర్వము మన తెలుగునాట ఇట్లుండలేదు. సయ్యద్ అబ్దుల్ రహీం గారి పేరు మీలో కొందరు వినియుందురు. 1909లో జన్మించిన వీరు హైదరాబాదువారు, ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు, వృత్తిచే మావలెనే బడిపంతులు. వీరి శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు పర్యాయములు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచెను. భారత జట్టునకు వీరు శిక్షకులుగా నుండగా 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణ పతకములు వచ్చెను. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానము లభించెను. 1963లో వీరు కాన్సరు వ్యాధితో కన్నుమూసిరి.

ఈ విజయములకంటె వారి బోధనాపద్ధతి మాకెక్కువ ప్రియము. రహీం గారు పిల్లలకు వింత పోటీలు పెట్టెడివారు. ఒకదానిలో బంతిని కాలివద్దనే దొర్లించుకొని పోరాదు. వెంటనే తోటివానికి అందింపవలెను. మరియొకదానిలో వాటములేని కాలితోనే తన్నవలెను. వెనుకబడిన కాలికి కూడ ఒక పోటీ పెట్టిన గురువు, వెనుక కూర్చున్న బాలుని మరచునా? సికిందరాబాదు సమీపమున అమ్ముగూడలో పేదయింట పుట్టిన తులసీదాస్ బలరాంను వారు ఎంపిక శిబిరమునకు పిలిచిరి. వచ్చిపోవుటకు డబ్బు లేదని ఆ బాలుడు చెప్పగా, బాడుగ సైకిలుకు కావలసిన పైకము రహీం గారే యిచ్చిరని చెప్పుదురు. ఇరువది యేండ్ల ప్రాయముననే బలరాం మెల్బోర్న్ ఒలింపిక్ జట్టులో నుండెను. 2023లో కన్నుమూయువరకు దేశము ఆయనను గొప్ప ఆటగాండ్రలో నొకనిగా గౌరవించెను. ఇందులో మరియొక విషయము గమనింపుడు. ఆనాటి పోలీసు జట్టులోని ఆటగానికి పోలీసు శాఖలో ఉద్యోగముండెను. ఆట ముగిసినను అన్నము ముగియలేదు.

నేటి క్లబ్బునకు అట్టి యాధారము లేదు. హైదరాబాదు ఫుట్‌బాల్ క్లబ్బు 2019లో స్థాపితమై, 2022 మార్చిలో సూపర్ లీగు విజేతయై, 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయెను. క్లబ్బే ఊరు విడిచిపోవు కాలమున, దానినే నమ్మి బడి విడిచిన బాలుని గతియేమి?

అట్లని విదేశములలో అంతయు బాగున్నదనియు, ఇచ్చట అంతయు చెడినదనియు తలపరాదు. ఇంగ్లండులోను అకాడమీలలో చేరిన బాలురలో అత్యధికులు పెద్ద జట్టునకు చేరరు. అయినను కొన్ని క్లబ్బులు దీనిని పరువుగా పాటించుచున్నవి. మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బువారి ప్రతి యాటలోను, 1937 అక్టోబరు మొదలు నేటివరకు, తమ యొద్ద పెరిగిన యువకుడు ఒక్కడైనను జట్టు పట్టికలో నుండుచున్నాడు. స్పెయిను దేశపు బార్సిలోనా క్లబ్బు 2012 నవంబరు 25వ తేదీన లెవాంటేతో ఆడిన యాటలో, కొంతసేపటికి మైదానమందున్న పదునొకండుగురును తమ అకాడమీ బిడ్డలే. లండను నగరపు క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్బు 2021లో, తాము విడిచిపెట్టిన యువకులకు మూడేండ్ల వరకు తోడ్పడు ఏర్పాటును ప్రకటించెను. విడిచిపెట్టుట తప్పదు; విడిచిపెట్టు తీరులో మర్యాద యుండవచ్చునని దీనివలన తెలియుచున్నది.

చట్టమును గూర్చియు రెండు మాటలు. ప్రపంచ సంస్థయైన ఫిఫా నిబంధనల ప్రకారము, ఆటగాడు వెలకు మరియొక క్లబ్బునకు పోయినప్పుడు, ఆ వెలలో నూటికి 5 వంతులు 12 మొదలు 23 ఏండ్ల వరకు వానికి శిక్షణ నిచ్చిన క్లబ్బులకు చెందవలెను. మంచిదే. మరియొక నిబంధన ప్రకారము, స్థిరపడిన వృత్తి ఆటగాడు ఒక సంవత్సరములో తన క్లబ్బు ఆడిన పోటీలలో నూటికి 10 కంటె తక్కువ ఆడినచో, ఆ కారణముచే ఒప్పందమును విడిచిపోవచ్చును. కాని శిక్షణ పూర్తికాని బాలునికి ఈ రక్షణ లేదు. పెంచినందుకు క్లబ్బునకు ప్రతిఫలము కలదు. కూర్చుండబెట్టినందుకు బాలునికి పరిహారము లేదు.

కాబట్టి బాలుని పక్షమున అడుగవలసినవారు మీరే. మన వల్లూరు, తిరుమణి మొదలగు గ్రామముల భూములను సౌరవిద్యుత్తు పార్కునకు గుత్తకిచ్చునప్పుడు మీరెంత విచారించితిరో జ్ఞాపకము చేసికొనుడు. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలు, రెండేండ్లకొకసారి నూటికి 5 హెచ్చు అని పత్రములో చూచుకొన్న పిమ్మటనే సంతకములు చేసితిరి. భూమికి చదివిన పత్రము బిడ్డకు చదువవద్దా? ఈ ఐదు సంగతులు అడుగుడు.

మొదటిది: పిల్లవాడు ఏ బడిలో, ఏ మాధ్యమములో చదువును? పదవ తరగతి పరీక్ష వ్రాయించు బాధ్యత ఎవరిది? రెండవది: ఖర్చు క్లబ్బుదా, మనదా? నెలనెల రుసుము తీసికొను అకాడమీ వేరు, తానే భరించి పెంచు అకాడమీ వేరు. మూడవది: ఒప్పందము ఎన్ని యేండ్లకు? 18 ఏండ్లు నిండనివానితో మూడేండ్లకు మించి వృత్తి ఒప్పందము చేసికొనరాదని ఫిఫా నిబంధన కలదు. నాలుగవది: పెద్ద జట్టులో చోటు లేనిచో, క్రింది జట్టులోనో, అరువుగా మరియొక క్లబ్బులోనో వానికి ఆటలు దొరకునా? అయిదవది: కొనసాగింపు నిర్ణయము ఏ నెలలో, ఎవరు, ముఖాముఖిగా చెప్పుదురు? గాయపడినచో చికిత్స ఎవరిది? వీనికి వ్రాతమూలకముగా సమాధానమిచ్చు క్లబ్బునకు నిశ్చింతగా పంపుడు. మేము సంతోషముతో సంతకము చేసెదము. "అవన్నీ తరువాత చూద్దాము" అనువారికి నమస్కారము పెట్టి తిరిగిరండు.

ఆడపిల్లల తల్లిదండ్రులకును ఇదే మాట. తెలంగాణములోని నిజామాబాదు జిల్లాకు చెందిన గుగులోతు సౌమ్య 2022లో క్రొయేషియా దేశపు దినామో జాగ్రెబ్ మహిళా జట్టులో చేరెను. తండాలలో పుట్టిన బిడ్డలకు కూడ దారి యున్నదని దీనివలన తెలియవలెను. దారి మూయుట మా యుద్దేశము కాదు. దారిలో దీపము పెట్టుటయే.

తుదకు మా తప్పును ఒప్పుకొనవలసియున్నది. క్లబ్బులను విమర్శించుచు మేము మన పాఠశాల జట్టు పట్టికలను తిరిగి చూచితిమి. గత కొన్ని సంవత్సరములుగా తాలూకా పోటీలకు పోయిన ప్రతిసారి మేమును ఆ పదునొకండుగురినే ఆడించితిమి. మిగిలినవారు నీళ్ల సీసాలు మోసి, చప్పట్లు కొట్టి వచ్చిరి. కప్పు తెచ్చితిమని ఇదే వేదికపై గర్వముగా చెప్పితిమి. ఆ పిల్లల తల్లిదండ్రులు ఈ సభలోనే యున్నారు. వారిని క్షమాపణ వేడుచున్నాము. ఈ సంవత్సరము మొదలు మన జట్టు వెంట పోయిన ప్రతి బాలుడును, ప్రతి బాలికయు, ఏదేని యొక యాటలో సగము సేపైనను ఆడునట్లు చూచెదము. కప్పులు తగ్గవచ్చును. దానికి జవాబుదారి మేము.

ఆ బాలుని సంగతి మీరడుగుదురు. ప్రయివేటుగా పరీక్షకు కట్టించితిమి, మా ఉపాధ్యాయులు సాయంకాలములందు తెలుగులో పాఠములు చెప్పిరి, వాడు ఉత్తీర్ణుడయ్యెను. ఇప్పుడు పాఠము ముగిసిన పిమ్మట మన మైదానములో చిన్న తరగతుల పిల్లలను ఆడించుచున్నాడు. మొన్న మేము చూచుచుండగా, గట్టున ఒంటరిగా కూర్చున్న చిన్నవానిని వాడు చేయి పట్టి లేపి, తానాడుచున్న చోటును వానికిచ్చి, తాను వచ్చి గట్టుపై కూర్చుండెను.