మోటారుబండిలో నిప్పురవ్వ



మోస్రా, వర్ని, బోధను ప్రాంతములలో నేటికిని కొన్ని ముంగిళ్లయందు పాత అంబాసిడరు బండ్లు నిలిచియున్నవి. వంగదేశమున ఉత్తరపాడలో 2014 వరకు ఇవి తయారైనవి. చెరకు సొమ్ముతో బండి కొన్న రైతులను నేనెరుగుదును. బోధను చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. బండ్లు మాత్రము మిగిలినవి.

ఒక పుష్యమాసపు తెల్లవారుజామున మా పొరుగింటి నిండుచూలాలికి నొప్పులు మొదలైనవి. నిజామాబాదునకు కొనిపోవలెనని మా పాత బండి తాళము త్రిప్పితిని. ఇంజను గిరగిర తిరిగినదే కాని అందుకొనలేదు. ప్లగ్గులు నాలుగును మార్చితిమి. పదిమంది కూడి వీధి చివరివరకు నెట్టిరి. గంటన్నర గడచిన పిమ్మట ఒక ట్రాక్టరు దొరకినది. తల్లియు బిడ్డయు క్షేమముగనే యున్నారు. నా సిగ్గు మాత్రము నేటికిని పోలేదు. ఏలయన, ప్రొద్దెక్కిన తరువాత చూడగా డిస్ట్రిబ్యూటరు మూతలో మంచుతడి తప్ప వేరు లోపము లేదు. పొడిగుడ్డతో తుడిచినంతనే బండి కదలినది!

బ్యాటరీయందలి 12 వోల్టులు నిప్పురవ్వకు చాలవు. కాయిలులో రెండు తీగచుట్లు కలవు: ఒకటి లావైనది, కొలది చుట్లది; రెండవది సన్ననిది, వేల చుట్లది. మొదటిదానిలో కరెంటు పారుచుండగా పాయింట్లు విడివడును. పారకము తటాలున తెగుటచే రెండవదానిలో వేలకొలది వోల్టులు పుట్టును. బోరుగొట్టములో పారునీటిని తటాలున ఆపినచో గొట్టము అదరుట మీరెరిగినదే. ఇదియు కొంత అట్టిదే. 1831లో ఫారడే కనిపెట్టిన ధర్మమిది. (ఈ వస్తువులకు తెనుగు పేర్లు కల్పింపవచ్చును గాని, మేస్త్రీల మాటలే నాకు నచ్చును.)

ఇక పరీక్ష. గేరు తీసి, చేతిబ్రేకు వేయుడు. పెట్రోలు డబ్బా దూరముగ నుంచుడు. కాయిలునుండి డిస్ట్రిబ్యూటరు మూత నడిమికి వచ్చు లావు తీగను ఊడదీసి, దాని కొనను ఇంజను ఇనుమునకు పావు అంగుళము ఎడముగ ఎండుకర్రతో పట్టుడు. వట్టిచేత పట్టినవాడు మరల పట్టడు. మరియొకరు ఇంజను త్రిప్పవలయును. టపటపమని నీలపు రవ్వ వచ్చినచో కాయిలును పాయింట్లును మంచివే. తడియో, మూతలో వెండ్రుకవంటి పగులో, రోటరో, ప్లగ్గు తీగలో చూడవలసినవి. ఆ ఉదయము నేనీ యొక్క పని చేసియుండిన చాలును.

రవ్వ రానిచో చిన్న దీపము గల తీగ నొకటి తెచ్చుకొని, ఒక కొనను ఇంజను ఇనుమునకు కట్టుడు. తాళము త్రిప్పి, రెండవ కొనను కాయిలుకు తాళమువైపు తీగ వచ్చుచోట తాకింపుడు. వెలుగనిచో లోపము తాళముననో దారితీగలోనో కలదు. వెలిగినచో కాయిలు రెండవ ప్రక్కను, డిస్ట్రిబ్యూటరునకు తీగ పోవుచోట, తాకించి ఇంజను త్రిప్పింపుడు. దీపము మినుకుమినుకుమనవలయును. ఎడతెగక వెలిగినచో పాయింట్లు కలియుటలేదు, లేదా మకిలి పట్టినవి. వెలుగనే వెలుగనిచో ఆ సన్నతీగను ఊడదీసి చూడుడు. అప్పుడు వెలిగినచో కాయిలు మంచిదే. పాయింట్లు విడివడుట లేదు, లేదా కండెన్సరు చెడినది. అప్పటికిని వెలుగనిచో కాయిలు మార్చవలసినదే.

నే నెరిగిన బండ్లలో పాయింట్ల తగవే హెచ్చు. వాని మడమ అరిగి ఎడము తగ్గును. పూర్తిగ విడివడినప్పుడు 0.4 మిల్లీమీటరు ఎడము, సుమారు శుభలేఖ అట్ట మందము, ఉండవలయును. సన్నని ఆకురాయితో రుద్ది, పెట్రోలుగుడ్డతో తుడిచి, ఆరిన పిమ్మటనే మూత పెట్టుడు. క్రొత్త పాయింట్లు కొలదిదినములలోనే నల్లబడినచో కండెన్సరును అనుమానింపవలయును.

పరీక్ష ముగియగానే తాళము ఆపుట మరువకుడు. ఇంజను తిరుగక, పాయింట్లు కలిసియుండగా తాళము తెరచియుంచినచో కాయిలు కాగి చెడును, బ్యాటరీయు దిగిపోవును.