గడియారమునకు కీ ఇచ్చుట
(మా సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)



ఏదైన నొక విషయముపై పది నిమిషములు మాట్లాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. సాహిత్యమును గూర్చి చెప్పుటకు నాకన్న పెద్దలు ఈ సభలో ఎందరో కలరు. ఫైళ్లను గూర్చి చెప్పుదునన్నచో మన ఇంటి ఆడవారు లేచిపోవుదురు. అందుచేత నా ముంజేతికి ఉన్న ఈ వస్తువును గూర్చియే నాలుగు మాటలు మనవి చేసికొందును. ఇది నీటిలో మునుగువారి కొరకు చేసిన మరగడియారము. ఇందులో స్టాప్‌వాచ్ కూడ కలదు.

ఇది మా నాన్నగారిది. ఆయన విశాఖపట్నము రేవులో పనిచేసిరి. నౌకల అడుగుభాగమును పరీక్షించుటకు డైవర్లు నీటిలోనికి దిగినపుడు, పడవలో కూర్చుండి కాలమును లెక్కించుట ఆయన పని. క్రింద నున్నవాడు ఎంతసేపు ఉండెనో, ఎప్పుడు పైకి రావలెనో పైనున్నవాడు గమనించి త్రాడు లాగి తెలుపవలెను. 1980 ప్రాంతమున ఒక విదేశీ నౌకలోని ఇంజనీరు వద్ద మూడు నెలల జీతము పోసి దీనిని కొనిరని మా అమ్మగారు నేటికిని నిష్ఠూరమాడుచుందురు.

నీటిలో ప్రతి పది మీటర్ల లోతునకు సుమారు ఒక వాతావరణ పీడనము చొప్పున ఒత్తిడి పెరుగును. డైవర్ గడియారము అనిపించుకొనవలెనన్న కనీసము 100 మీటర్ల లోతునకు తట్టుకొనవలెననియు, చీకటిలో 25 సెంటీమీటర్ల దూరము నుండి కాలము కనబడవలెననియు అంతర్జాతీయ ప్రమాణము 6425 విధించినది. ఈ జాతి గడియారములలో ప్రసిద్ధమైన బ్లాంక్‌పేన్ వారి ఫిఫ్టీ ఫాథమ్స్, రోలెక్స్ వారి సబ్‌మెరినర్ రెండును 1953లో పుట్టినవి. స్టాప్‌వాచ్ కథ ఇంకను పాతది. 1821లో పారిస్ నగరమున గుఱ్ఱపు పందెములలో రియుసెక్ అను గడియారపు పనివాడు, పలకపై సిరాచుక్క వేసి కాలమును గుర్తించు యంత్రమును ప్రయోగించెను. అందుకే దానికి కాలమును వ్రాయునది అను అర్థమిచ్చు క్రోనోగ్రాఫ్ అను పేరు కలిగినది. చేతి కదలికకే కీ ఎక్కెడి క్రోనోగ్రాఫులు మాత్రము 1969 వరకు రాలేదు.

ఇక దీనిని నడపు విధము. కుడిప్రక్కన మూడు బొడిపెలు కలవు. నడుమ నున్నది కీ బొడిపె. నీరు చొరకుండుటకై అది మరతో బిగింపబడి యుండును. గడియారమును చేతినుండి తీసి, సీసా మూత విప్పినట్లు బొడిపెను ఎడమకు త్రిప్పినచో అది విడి, కొంచెము బయటకు వచ్చును. చేతికి ఉండగనే త్రిప్పినచో ఒక ప్రక్కకు ఒత్తిడి పడి సన్నని కాడ వంగవచ్చును. విడిన పిదప కుడికి ముప్పది, నలుబది చుట్లు నెమ్మదిగా త్రిప్పవలెను. దీనిలోని స్ప్రింగు నిండిన పిమ్మట జారునట్లు అమర్చబడినది గాన, ఎక్కువ త్రిప్పినంత మాత్రమున తెగదు. కేవలము చేతితో కీ ఇచ్చు గడియారములకు అట్లు కాదు. 1961లో బెంగుళూరున సిటిజన్ వారి సహకారముతో హెచ్.ఎం.టి. వారు చేయనారంభించిన గడియారములు మనలో అనేకుల ఇండ్లలో నేటికిని కలవు. వానికి కీ ఇచ్చుచు, బిగిసినచోట ఆగవలెను. అక్కడ బలము చూపరాదు.

బొడిపెను ఒక మెట్టు లాగినచో తేదీయు వారమును మార్చవచ్చును. రెండవ మెట్టు లాగినచో సెకండ్ల ముల్లు ఆగి, పెద్ద ముళ్లు తిరుగును. రాత్రి ఎనిమిది మొదలు రెండు గంటల వరకు తేదీని మొదటి మెట్టున మార్చరాదు. ఆ వేళలో తేదీని త్రోయు పండ్లు చక్రమునకు తగిలి యుండును. మనమును త్రోసినచో పన్ను విరుగును. కావున ముందుగా ముళ్లను ఆరు గంటల వద్దకు తెచ్చి, నిన్నటి తేదీని, నిన్నటి వారమును పెట్టి, ఆపై తేదీ మారువరకు ముళ్లను ముందుకు త్రిప్పవలెను. మారినచోట అర్ధరాత్రి అయినట్లు. ఉదయమైనచో అచ్చటినుండి నేటి వేళకు, మధ్యాహ్నము దాటినచో పన్నెండును మరల దాటించి రావలెను. సెకండ్ల ముల్లు పన్నెండు మీదికి రాగానే లాగి ఆపి, సరియైన నిమిషము పెట్టి, ఆ క్షణము రాగానే బొడిపెను లోనికి నొక్కవలెను. భారత ప్రామాణిక కాలమును ఈ ఢిల్లీ నగరముననే జాతీయ భౌతిక ప్రయోగశాలవారు సీజియమ్ పరమాణు గడియారములతో కాపాడుచున్నారు. మన మరగడియారము దినమునకు కొన్ని సెకండ్లు తప్పును. వారమున కొకసారి సరిదిద్దిన చాలును. తుదకు బొడిపెను లోనికి అదిమి, కుడికి త్రిప్పి బిగింపవలెను. ఇది మరువరాదు.

పై బొడిపె నొక్కినచో నడిమి సన్నని ముల్లు కదలును, మరల నొక్కిన ఆగును. ఆగిన పిదపనే క్రింది బొడిపె నొక్కి ముల్లును సున్నకు తేవలెను. పరుగెత్తుచున్న ముల్లును వెనుకకు లాగినచో లోపలి మీటలు దెబ్బతినును. ఇట్టి గడియారములలో చాలవాని బొడిపెలను నీటిలో నొక్కరాదు. డైవర్లకు నీటిలో నిజముగా ఉపకరించునది అద్దము చుట్టునుండు అంచు చక్రము. దాని సున్న గుర్తును నిమిషముల ముల్లునకు ఎదురుగా పెట్టి దిగినచో, ఎన్ని నిమిషములు గడచినవో తెలియును. ఆ చక్రము ఎడమకు మాత్రమే తిరుగును. ఏ రాయియో తగిలి కదలినను గడచిన కాలము ఎక్కువగానే చూపును గాని తక్కువగా చూపదు. మనిషి ముందుగానే పైకి వచ్చును. పొరపాటు జరిగినను ప్రాణమువైపే జరుగునట్లు చేసిన ఏర్పాటు ఇది.

ఇప్పుడు నా తప్పును చెప్పెదను. 2015 జూలైలో గోదావరి పుష్కరములకు కొవ్వూరు వెళ్లితిమి. అప్పటికే నాన్నగారు ఈ గడియారమును నాకిచ్చి యుండిరి. రైలులో వేళ సరిచేసితిని. గోష్పాద క్షేత్రమున మెట్లు దిగుచుండగా ఆయన పైమెట్టుపై కూర్చుండి, “బొడిపె బిగించావా నాయనా?” అని అడిగిరి. “ఆఁ, బిగించాను” అంటిని. మూడు మునుగులు మునిగి లేచితిని. గంట గడవక మునుపే అద్దము లోపల ఆవిరి పట్టినది.

నాన్నగారు కోపగించుకొనలేదు. గడియారమును చేతిలోనికి తీసికొని, వ్రేలాడుచున్న బొడిపెను చూచి, “చూసి చెప్పావా, అనుకుని చెప్పావా?” అని మాత్రము అడిగిరి. నేను సమాధానము చెప్పలేకపోతిని. కొంతసేపటికి ఆయనయే, “గడియారం బాగవుతుందిలే. పడవలో నా ప్రక్కవాడు ఇట్లా చెప్పి ఉంటే, క్రింద ఉన్నవాడి పిల్లలకు నేనేమి చెప్పేవాణ్ణి?” అనిరి.

ఢిల్లీకి వచ్చిన మరుదినమే ఒక వృద్ధుడైన మేస్త్రీకి చూపితిని. ఒక చక్రమునకు మాత్రమే తుప్పు సోకినది. దానిని మార్చి, రబ్బరు వలయములు క్రొత్తవి వేసి, నీటి పరీక్ష చేసి ఇచ్చెను. రబ్బరు కాలక్రమమున గట్టిపడును గాన అప్పుడప్పుడు మార్పింపవలెననియు, సముద్రమున తడిసినచో మంచినీట కడుగవలెననియు, వేడినీటి స్నానమునకు దీనిని దూరముగా నుంచవలెననియు చెప్పెను.

మిత్రులారా, ఫైలుపై “పరిశీలించడమైనది” అని మనము ఎన్నిసార్లు వ్రాయుదుము! అందులో చూచి వ్రాసినవెన్ని, అనుకొని వ్రాసినవెన్ని? ఆ కాగితము అడుగున ఒకరి పింఛనో, ఒక విధవరాలి అర్జీయో ఉండును. వారు మనకు కనబడరు. త్రాడు మాత్రము మన చేతిలో నుండును.

నాన్నగారు 2019లో స్వర్గస్థులైరి. ఇప్పటి డైవర్లు లోతును కాలమును లెక్కించు చిన్న కంప్యూటర్లను ముంజేతికి కట్టుకొందురు. మనకు వేళ చెప్పుటకు ఫోను కలదు. అయినను ప్రతి ఆదివారమును నేను దీనిని సరిచేయుదును. మా చిన్నవాడు ప్రక్కన నిలిచి, “బిగించావా నాన్నా?” అని అడుగును. దీపము దగ్గరకు తీసికొనిపోయి, బొడిపెను చూచి, వ్రేలితో తాకి, అప్పుడే బదులు చెప్పుదును.