ఛాతీ స్కాను: స్త్రీలు తెలిసికొనదగిన సంగతి



మా ఆత్మకూరు నల్లమల యంచున నున్న యూరు. శ్రీశైలమునకు కాలినడకన బోవు కన్నడ యాత్రికులు మా యూరు దాటి వెంకటాపురము, నాగలూటి మీదుగా అడవిలో ప్రవేశింతురు. పెద్ద పరీక్షలు కావలసిన రోగులు మాత్రము కర్నూలు దారి పట్టుదురు. అట్లు పోయి వచ్చిన యొక యిల్లాలు, వైద్యురాలనైన నన్నడిగిన ప్రశ్నయే నేటి నా ప్రసంగమునకు కారణము.

ఆమెకు ముప్పది యేండ్లు నిండలేదు. చంటిబిడ్డ తల్లి. విడువని దగ్గుచే ఒక్క యేడాదిలో మూడుమార్లు ఛాతీకి సీటీ స్కాను తీయించుకొన్నది. మూడవది అనవసరము. వెనుకటి ఫిలుము ఇంటిలో చిలుకకొయ్యకు వ్రేలాడుచునే యున్నది. క్రొత్త వైద్యుడు దానిని గూర్చి అడుగలేదు, ఈమె చెప్పలేదు. “అక్కా, రొమ్ముకు అడ్డమేమీ పెట్టలేదు. ఆ కిరణాలు పాలలోకి దిగవు గదా?” అని యడిగెను. రెండు దినములుగా బిడ్డకు పాలియ్యలేదట!

పాలను గూర్చిన భయము వట్టిది. దీపమార్పిన పిదప గదిలో వెలుతురు మిగులనట్లే, యంత్రమాగిన క్షణముననే కిరణములు లేకపోవును. అవి దేహమున గాని పాలలో గాని నిలువవు. ఆ మాట చెప్పి ముందుగా బిడ్డకు పాలిప్పించితిని. అడ్డమును గూర్చిన మాట మాత్రము ఆలోచింపదగినది.

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌కిరణములను కనుగొనెను. 1971లో హౌన్స్‌ఫీల్డు సీటీ యంత్రముచే తొలి రోగిని పరీక్షించెను. ఈ యంత్రమున కిరణముల గొట్టము దేహము చుట్టును తిరుగుచు పొరపొరగా చిత్రములు తీయును. కావున కిరణములును హెచ్చుగా కావలయును. సాధారణ ఛాతీ ఎక్స్‌రేకు సుమారు 0.1 మిల్లీసీవర్టు, అంతకన్న తక్కువయు, చాలును. ఛాతీ సీటీకి సుమారు 6 పట్టును. భూమినుండియు నాకాశమునుండియు ఏటేట మనపై సహజముగా పడునది, ప్రపంచపు సగటున, 2.4.

పరీక్ష ఊపిరితిత్తులకే యైనను, స్తనములు దారిలోనే యున్నవి. హిరోషిమా, నాగసాకీలలో బ్రదికినవారిలో స్తన క్యాన్సరు హెచ్చుట కనబడినది. కెనడాలోని నోవాస్కోషియాలో క్షయ చికిత్సకై మాటిమాటికి ఎక్స్‌కిరణముల యెదుట నిలిచిన స్త్రీలలోను అట్లే యైనదని 1965లో వెల్లడియయ్యెను. చిన్న వయస్సున కిరణములు తగిలినవారికే అపాయము హెచ్చు. అందుచే అంతర్జాతీయ కిరణరక్షణ సంఘము, వివిధావయవముల లెక్కలో స్తనమునకిచ్చు విలువను 2007లో 0.05 నుండి 0.12కు పెంచెను.

మరి అడ్డము పెట్టరాదా? బిస్మతు లోహపు పలుచని కవచమును రొమ్ముపై కప్పు పద్ధతి యొకటి కలదు. అది ముందునుండి వచ్చు కిరణములను కొంత ఆపును. కాని గొట్టము వెనుకకు తిరిగినప్పుడు, దేహమును దాటివచ్చి చిత్రమునకు పనికిరావలసిన కిరణములను కూడ మ్రింగివేయును; చిత్రము మసకబారును. కిరణములను తానే సరిచూచుకొను యంత్రము ఆ కవచమును చూచి ఒక్కొక్కప్పుడు ఇంకను హెచ్చుగా విడువవచ్చును. కావున అమెరికాలోని వైద్య భౌతికశాస్త్రజ్ఞుల సంఘము 2012లో, కవచముకన్న మేలైన మార్గములను ముందు చూడుడని హితవు చెప్పెను.

ఆ మార్గములెవ్వి? దేహపు లావునుబట్టి కిరణములను తగ్గించుట. గొట్టము రొమ్మునకెదురుగా వచ్చినప్పుడు విద్యుత్తును తగ్గించుట. రోగిని సరిగా నడుమ పరుండబెట్టుట. మందు సూది వేయకముందొకమారు, వేసిన పిదప నొకమారు అని వృథాగా రెండుసార్లు తీయకుండుట. ఇవి పరీక్ష చేయువారి పనులు.

మన పని యొకటి కలదు. అది వీనియన్నిటికన్న గొప్పది. అక్కరలేని స్కాను తీయించుకొనకుండుటయే ఆ పని. 2021లో కోవిడు ముమ్మరించినప్పుడు స్వల్పరోగులు సైతము స్కానులకు బారులు తీరిరి. ఢిల్లీ ఎయిమ్స్ సంచాలకులే అది తగదని హెచ్చరింపవలసి వచ్చెను. “ఈ స్కాను వలన నా చికిత్స మారునా? ఎక్స్‌రే చాలదా?” అని వైద్యుని మర్యాదగా అడుగుట తప్పు గాదు. గర్భవతియైనచో ముందే చెప్పవలెను.

అయితే భయపడి, కావలసిన స్కానును మానుకొనరాదు. ఒక్క స్కాను వలని అపాయము మిక్కిలి స్వల్పము. ఊపిరితిత్తిలో నెత్తురు గడ్డకట్టినను, గడ్డ పెరుగుచున్నను, గుర్తింపక విడిచినచో ప్రాణమునకే ముప్పు.

ఆ యిల్లాలు ఇప్పుడు తన ఫిలుములన్నిటిని ఒక్క సంచిలో నుంచి, తేదీలు వ్రాయించి, రేషను కార్డుతోపాటు దాచుకొన్నది. ఏ యాసుపత్రికి పోయినను ఆ సంచి ఆమె చంకనుండును. ఆమె యడిగిన అడ్డము లోహముతో చేసినది కానక్కరలేదు; ఆ సంచియే ఆమెకు తగిన కవచము. మీరును అట్టి సంచి నొకదానిని కుట్టించుకొనుడని వేడుచు, సెలవు తీసికొనుచున్నాను.