మితవ్యయము - గృహసౌభాగ్యము

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమున ఉప్పు, పప్పు, చింతపండులను గూర్చిన ప్రసంగమేమిటని కొందరు శంకింపవచ్చును. కవిత్వమును గూర్చియో, చరిత్రను గూర్చియో మాటలాడవలసిన వేదికపై వంటింటి లెక్కలకు తావున్నదా యని సందేహము కలుగవచ్చును. కాని గ్రంథాలయమనునదే మితవ్యయమునకు మంచి ఉదాహరణము. ఒక పత్రికను ఒక యింట కొనినచో ఒక కుటుంబము చదువును. అదే పత్రికను గ్రంథాలయమునకు కొనినచో ఊరంతయు చదువును. వెల ఒక్కటే, ప్రయోజనము అనేక రెట్లు. వస్తువును మానుకొనుట కాదు, వెచ్చించిన ప్రతి రూపాయకును పూర్తి ఫలము రాబట్టుకొనుటయే మితవ్యయము. కనుక ఈ విషయమునకు ఈ వేదిక తగినదే.

మితవ్యయము వేరు, లోభము వేరు. లోభి ధనమును కాపాడుటకై మనుష్యులను బాధపెట్టును. మితవ్యయము పాటించువాడు మనుష్యులను కాపాడుటకై ధనమును జాగ్రత్తపరచును. లోభి పిల్లవానికి జ్వరము వచ్చినపుడు వైద్యుని యొద్దకు పోక రెండు దినములు చూచును. మూడవనాడు పట్టణమునకు పరుగెత్తి, మిగిల్చిన దానికి పదిరెట్లు వెచ్చించును. ఇది పొదుపు కాదు, నష్టమును వాయిదా వేయుట మాత్రమే.

ఇచట ఒక ముఖ్య విషయమును దాచక చెప్పవలసియున్నది. ఇంటిలో ఖర్చు తగ్గింపవలెనను మాట వచ్చినపుడు, తెలుగు పల్లెలలోని పెక్కు కుటుంబములందు మొట్టమొదట తగ్గునది ఇల్లాలి విస్తరిలోని భోజనము. పాలు తక్కువైనచో ఆమె మజ్జిగతో సరిపెట్టుకొనును. కూర చాలనిచో పచ్చడి మెతుకులతో లేచును. అందరికిని వడ్డించి చివరకు తినునది కనుక ఆమె యేమి తినెనో ఎవ్వరును చూడరు. ఏ లెక్కలోను అది వ్రాయబడదు. 2019-21 నడుమ జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండింటను, 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో సగముకంటె హెచ్చుమందికి రక్తహీనత యున్నట్లు తేలినది. దీనికి కారణములు పెక్కు కలవు. చాలీచాలని తిండి వానిలో ముఖ్యమైనది. ఇల్లాలి ఆరోగ్యమును తాకట్టుపెట్టి మిగిల్చిన ధనము లాభమని చెప్పుటకు వీలులేదు. కావున మితవ్యయమునకు మొదటి నియమ మొకటి యుండవలెను: తల్లి భోజనము, పిల్లల పాలు, వారి చదువు, రోగికి మందు - ఈ నాలుగింటిని ముట్టరాదు. కోతపెట్టవలసినది వీనికి వెలుపల నున్నది.

అది ఎచట నున్నదో తెలియవలెనన్నచో లెక్క వ్రాయవలెను. వర్తకుడు చిట్టా ఆవర్జాలు లేక ఒక్కదినమైన గడపడు. రైతు ఎకరమునకెంత పెట్టుబడియైనదో నోటిలెక్కగా నైనను చెప్పగలడు. సంసార మంతకంటె పెద్ద వ్యవహారము. దానికి మాత్రము పద్దు పుస్తక ముండదు. పిల్లలు వ్రాసి విడిచిన నోటు పుస్తకములో మిగిలిన కాగితములు చాలును. ప్రతిరాత్రి దీపమార్పుటకు ముందు ఆనాటి ఖర్చును, ఐదు రూపాయల పొట్లముతో సహా, వ్రాసికొనవలెను. ఒక నెల గడచిన పిమ్మట దానిని నాలుగు పద్దులుగా విడదీయవలెను: అవసరములు, సౌకర్యములు, ఆడంబరములు, దురభ్యాసములు. పుస్తకము ఎవ్వరిని నిందింపదు. ఎవరికి వారే చూచి తెలిసికొందురు.

నెలకు 20,000 రూపాయల రాబడి గల ఒక కుటుంబమును ఉదాహరణముగా గ్రహింపవచ్చును. యజమాని దినమునకు రెండుమారులు బయట టీ త్రాగి, ఒకసారి ఫలహారము చేయును, 40 రూపాయలగును. అది ఆనాటికి స్వల్పముగనే తోచును. సంవత్సరమునకు లెక్కించినచో 14,600 రూపాయలు. స్నేహితులతో కలిసి త్రాగు టీ ఒక సుఖమే. దానిని పూర్తిగా మానవలెనని ఎవ్వరును శాసింపనక్కరలేదు. కాని తాను సంవత్సరమునకు మూడువారముల రాబడిని హోటలునకు సమర్పించుచున్నానని ఆ యజమానికి తెలియవలెను. తెలిసిన తరువాత రెండు టీలు ఒకటి యగును. ఫలహారము ఇంటినుండి డబ్బాలో వచ్చును. ఇల్లాలి పాలకు ధనము అందుండియే లభించును.

నేటి కాలమున మరియొక చిక్కు కలదు. పూర్వము రూపాయలను చేతితో లెక్కించి ఇచ్చునపుడు కొంచెమైనను మనస్సు చివుక్కుమనెడిది. ఇప్పుడు ఫోను చూపి చెల్లించునపుడు ఆ బాధ లేదు. ఇంటినుండి కదలకయే వస్తువులు వచ్చుచున్నవి. ధర తగ్గినదను ప్రకటన చూచి అక్కరలేని దానిని కొనుచున్నారు. సగము ధరకు కొనినను, అక్కరలేని వస్తువునకు పెట్టినదంతయు నష్టమే. కొనవలెనను కోరిక పుట్టినపుడు ఆ వస్తువు పేరును పద్దు పుస్తకము చివరి పుటలో వ్రాసి, వారము దినములు ఆగి చూచుట మేలు. చాలవరకు ఆ కోరిక వారము నిలువదు.

ఇక వంటిల్లు. నీరు మరుగుట మొదలైన పిమ్మట ఎంత పెద్ద మంట పెట్టినను గిన్నెలోని నీటివేడి పెరుగదు. ఆవిరి మాత్రమే హెచ్చును. కనుక పొంగు రాగానే మంట తగ్గించి మూత పెట్టినచో గ్యాసు మిగులును, వంటకు ఆలస్యము కాదు. పప్పును గంటసేపు ముందుగా నానవేసినచో త్వరగా ఉడుకును. అన్నము వార్చి గంజిని పారబోయుటవలన బియ్యములోని బి విటమినులు గంజితోడనే పోవును. అత్తెసరు పెట్టి వండినచో ఆ సారము అన్నమునందే నిలుచును, వంటచెరకును తక్కువ పట్టును. బియ్యమును మాటిమాటికి కడిగి తెల్లనీళ్లు పారబోయుటయు ఇట్టి నష్టమే. తెల్లని పాలీషు బియ్యముపై మోజు తగ్గించి, వారమున రెండు మూడు పూటలు జొన్నరొట్టెయో, రాగిసంకటియో తినుట దేహమునకు మేలు. నూరు గ్రాముల రాగులలో మూడువందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. పాలీషు బియ్యమున అందులో ఇరువదవ వంతైనను ఉండదు. పేదల తిండియని పెద్దయింటివారు తలవంపుగా భావించిన ధాన్యమే పోషకాహారమని నేడు వైద్యులు చెప్పుచున్నారు.

వస్తువులను కొనుటలోను కాలజ్ఞానము కావలెను. చింతపండు, మిరపకాయలు, పసుపు కొత్తపంట వచ్చు దినములలో ఏడాదికి సరిపడ కొని, బాగుగా ఎండబెట్టి దాచుకొనుట పెద్దల పద్ధతి. బియ్యమున వేపాకు వేయుట, కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టుట పురుగు పట్టకుండుటకై వారు కనిపెట్టిన ఉపాయములు. చిల్లర దుకాణమున ఖాతా పెట్టి, ఏ పూటకాపూట పొట్లములు తెచ్చుకొను కుటుంబము రెండు విధముల నష్టపోవును: చిన్న పొట్లమునకు ధర హెచ్చు, అరువు తెచ్చువానికి బేరమాడు నోరుండదు. ఒక్కసారి ఆ ఖాతాను తీర్చివేసి, నెల మొదట రొక్కమిచ్చి కొను అలవాటు చేసికొనినచో ఆ యింటి దరిద్రములో కొంత భాగము ఆనాడే తొలగును.

పెరడున్నవారు పెరటిని పాడుపెట్టరాదు. ఒక మునగచెట్టు, ఒక కరివేపచెట్టు, పందిరిపై బీర, ఆనప, నూతివద్ద పారు నీటికి నాలుగు అరటి మొక్కలు, ఒక తోటకూర మడి - ఇంతమాత్రము పెంచుటకు పెద్ద శ్రమ లేదు. మునగాకు, తోటకూరలు ఇనుము గల ఆకుకూరలు. ఇల్లాలి రక్తహీనతకు కొంత సహాయము పెరటినుండియే వచ్చుచుండగా, అంగడిలో వాడిన కూరలను కొని తెచ్చుట అవివేకము.

దీపముల విషయమున లెక్క చాల స్పష్టము. పాతరకము 60 వాట్ల బల్బు దినమునకు 5 గంటలు వెలిగినచో నెలకు 9 యూనిట్ల విద్యుత్తు తినును. అంతే వెలుగునిచ్చు 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బునకు 1.35 యూనిట్లు చాలును. నాలుగు బల్బులున్న యింట నెలకు 30 యూనిట్లు మిగులును. వాడుక హెచ్చిన కొలది యూనిటు ధర హెచ్చు పద్ధతి ఉన్నందున, మిగిలిన యూనిట్లు పై ధరవే యగును.

ఇవి యన్నియు చిన్న రంధ్రములు. కుటుంబనౌకను ముంచునది అప్పు. "అప్పుచేసి పప్పుకూడు" అని పెద్దలు ఊరక అనలేదు. పల్లెలందు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అనినచో వినుటకు స్వల్పముగ నుండును. సంవత్సరమునకు నూటికి 36 రూపాయలు! లక్షరూపాయలు తెచ్చి, వడ్డీ చెల్లింపక ఊరకున్నచో 34 నెలలలో వడ్డీయే అసలును మించును. ఈ అప్పు దేనికై తెచ్చిరని విచారించినచో, విత్తనములకో, వైద్యమునకో తెచ్చినది కొంత. పెండ్లిపందిళ్లకు, మేళతాళములకు, వందలాది విస్తళ్లకు, కట్నములకు తెచ్చినది మరికొంత. వరకట్న నిషేధ చట్టము 1961లోనే వచ్చినది. కట్నము మాత్రము పోలేదు. ఒక్కనాటి గొప్పకై పదియేండ్లు వడ్డీ కట్టు తండ్రి, ఆ పదియేండ్లును ఇంటిలో పాలు, పండ్లు తగ్గించుచుండును. దినవ్యయములో పైసలు లెక్కించి, వేడుకలలో వేలు వెదజల్లుట పొదుపనిపించుకొనదు.

ఆడంబరముకంటె క్రూరమైనది దురభ్యాసము. దానిని గృహిణులెట్లు ఎదిరించిరో చెప్పు ఘట్టము తెలుగువారి సమీప చరిత్రలోనే కలదు. అది చదువుతో ముడివడినది కావున ఈ సభలో తప్పక స్మరింపదగినది. నెల్లూరు జిల్లాలో 1991లో అక్షరాస్యతా ఉద్యమ మారంభమైనది. పగలంతయు కూలిచేసిన స్త్రీలు రాత్రి లాంతరు వెలుగున పలకలు పట్టిరి. వారి వాచకములో సారావలన సంసారము చెడిన స్త్రీ కథ యొకటి యుండెను. ఆ పాఠమును చదివినపుడు వారికి అది తమ యింటి కథయే యని తోచినది. భర్త కూలిలో ఎంత సారాదుకాణమునకు పోవుచున్నదో వారు లెక్కించిరి. దూబగుంట గ్రామ స్త్రీలు తమ యూరి సారాదుకాణమును మూయించిరి. 1992లో ఆ యుద్యమము జిల్లాలు దాటినది, సారావేలములు ఆగినవి. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశమున సారా నిషేధింపబడినది.

ఆ పిమ్మట జరిగినది ఇంకను గమనింపదగినది. ఇంటికి మిగిలిన ధనమును ఆ జిల్లా స్త్రీలు చేతినుండి జారనీయలేదు. "పొదుపు లక్ష్మి" యను పేర సంఘములుగా కూడి, దినమునకొక రూపాయ చొప్పున దాచుకొనిరి. ఒక్క రూపాయ ఏపాటి యని హేళన చేసినవారు లేకపోలేదు. కాని ఆ రూపాయలు కూడి, అవసరమైనపుడు వడ్డీవ్యాపారి గడప త్రొక్కకుండ ఒకరికొకరు అప్పిచ్చుకొనుటకు మూలధనమైనవి. సంపూర్ణ మద్యనిషేధము 1995లో వచ్చి 1997లో సడలినది. ప్రభుత్వముల నిర్ణయములు మారుచుండును. స్త్రీలు నేర్చిన లెక్క మాత్రము వారియొద్దనే యుండిపోయినది. నేడు ప్రతి పల్లెలో కనబడు పొదుపుసంఘములకు బలమిచ్చిన ఘట్టములలో అది యొకటి.

మిగిల్చిన ధనమును ఎచట నుంచవలెనను ప్రశ్నకు సమాధానము క్లుప్తము. తపాలా కార్యాలయ సేవింగ్సు బ్యాంకు ఈ దేశమున 1882 నుండి పనిచేయుచున్నది. నెలకు 100 రూపాయలు మొదలుకొని అందు ఐదేండ్లు దాచుకొను పద్ధతి కలదు. పొదుపుసంఘము కలదు. బ్యాంకు కలదు. ముఖపరిచయముపై నడచు చీటీలలో, రెట్టింపు చేసి యిత్తుమను వారి మాటలలో చిక్కుకొనరాదు. ఖర్చుపోగా మిగిలినది దాచుట కాక, దాచగా మిగిలినది ఖర్చు పెట్టుట అలవాటు కావలెను. పూర్వపు ఇల్లాండ్రు ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరు కుండలో వేసెడివారు. ఆ పిడికెడు 50 గ్రాములనుకొనినను ఏడాదికి 18 కిలోలు దాటును. తీసిన పూట అది ఎవ్వరికిని కొరత కాలేదు. లేని పూట ఇంటిల్లిపాదిని ఆదుకొనినది.

ఈ గ్రంథాలయమును ఇరువదియైదేండ్లు నిలిపినదియు అట్టి పిడికెళ్లే. ఒకరు బల్ల యిచ్చియుందురు, ఒకరు పుస్తకములిచ్చియుందురు, ఒకరు జీతము లేక సాయంకాలములు కూర్చుండి తలుపు తెరచియుందురు. పెక్కుమంది కొంచెము కొంచెముగా ఇచ్చినది నేడు ఊరి సొత్తైనది. ఈ రజతోత్సవమునాడు సభకు వచ్చిన ప్రతి గృహస్థుడును ఇంటికి పోయి రెండు పనులు చేసినచో ఈ ఉత్సవము సార్థకమగును. మొదటిది, ఈ రాత్రియే ఒక పాత నోటు పుస్తకమున నేటి ఖర్చు వ్రాయుట. రెండవది, భోజనమునకు కూర్చుండునపుడు ఇల్లాలిని కూడ ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆమె విస్తరిలో ఏమున్నదో చూచుట. మొదటి పనివలన ఎచట తగ్గింపవలెనో తెలియును. రెండవ పనివలన ఎచట తగ్గింపరాదో తెలియును. ఈ రెండును తెలిసిన యింట లక్ష్మి నిలుచును.