ముఖశూల – శస్త్రచికిత్స
(పామర్రు వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



నేను వైద్యుడను గాను, భాషాబోధకుడను. సుశ్రుతసంహితను జదివిన చనువుచే నాలుగు మాటలు విన్నవింతును.

సుశ్రుతుడు ఉత్తరతంత్రమున 11 శిరోరోగములను బేర్కొనెను. వానిలో అనంతవాత మొకటి. కన్ను, కనుబొమ, కణతలందు నిలిచి, చెక్కిలి నదరించి, దవుడను బట్టివేయు బాధ యది. సిరను గ్రుచ్చి రక్తము దీయుట దానికి విధింపబడినది. నేటి ట్రైజెమినల్ న్యూరాల్జియాను గొందఱు దీనితో బోల్తురు. అది పోలికయే కాని యైక్యము గాదు.

ఈ వ్యాధియందు ముఖమున నొకప్రక్క మెఱపువలె శూల పొడమి క్షణములలో నడగును. మొగము గడిగినను, అన్నము నమలినను, చల్లగాలి సోకినను మరల వచ్చును. పంటిపోటని భ్రమించి మంచిపండ్లు బెఱికించుకొనువారు గలరు. పండ్లు పోవును గాని పోటు పోదు.

మొదటి చికిత్స ఔషధమే. కార్బమజెపీన్ పెక్కండ్రకు గుణమిచ్చును. అది చాలకున్నను, పడకున్నను శస్త్రమార్గములు మూడు గలవు.

మొదటిది: చెవివెనుక కపాలమున రంధ్రముచేసి, నరమును నొక్కు రక్తనాళమును దొలగించి, నడుమ మెత్తని తునుక నుంచుట. ఈ యొత్తిడిని 1934లో అమెరికా వైద్యుడు డాండీ గుర్తించెను. 1967 నుండి జానెట్టా ఈ చికిత్సను బ్రచారమునకు దెచ్చెను. దీర్ఘకాలోపశమన మిందే యధికము. అయినను కపాలము దెఱచుట గావున వినికిడి తగ్గుట మొదలగు నపాయములు కొలదిగా గలవు. ప్రాచీనుడు రక్తమును దీసెను. నవీనుడు రక్తనాళమును బ్రక్కకు జరుపును.

రెండవది: చెంపనుండి సూదిని బంపి, వేడిమిచేతనో, గ్లిసరాల్‌చేతనో, చిన్న బుడగచేతనో నరమును మందగింపజేయుట. వృద్ధులకు, దుర్బలులకు నిది సులభము; కాని చెక్కిలి తిమ్మిరెక్కవచ్చును, కొన్నేండ్లకు నొప్పి తిరుగవచ్చును.

మూడవది: గామా కిరణములు. ఇందు కోత లేదు. ఫలమునకు వారములు పట్టును.

1949లో జేకబ్ చాందీగారు వేలూరున నాడీశస్త్రవిభాగము నారంభించునాటికి మనదేశమున నీ విద్య యరుదు. నేడు విజయవాడలోనే నాడీశస్త్రవైద్యులు గలరు.

అయినను తలనొప్పులన్నియు శస్త్రసాధ్యములు గావు. పార్శ్వపునొప్పికి, మెడ బిగువుచే వచ్చు నొప్పికి సాధారణముగా మందులు, వ్యాయామము, విశ్రాంతియే తగినవి. కావున కత్తికి సమ్మతించుటకు ముందు వైద్యుని మూడు ప్రశ్నల నడుగుడు: నొప్పికి మూలమేమి? మందు చాలదా? లాభమెంత, నష్టమెంత?

బంధువులకు నొక మనవి. పైకి పుండు గానరాదని రోగి బాధను నటన యనకుడు. వానిని నమ్ముటయే చికిత్సకు మొదటిమెట్టు. సెలవు.