మోసపోయినవారి మౌనము – మన సంఘ ధర్మము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యార్థి వేతనములనుగూర్చియు, వసతిగృహమునుగూర్చియు, వివాహవ్యయములనుగూర్చియు ప్రసంగించుటకు ఈ వేదికపై నాకంటె సమర్థులైన పెద్దలు కలరు. కార్యవర్గమువారు నాకు "విద్య–నీతి" యను విషయము నిచ్చిరి. నేను దానిని విడిచిపెట్టుట లేదు. అందులోనే యొక మూల మఱుగుపడియున్న ప్రశ్నను మీ ముందుంచుచున్నాను. మోసపోయి ధనము గోల్పోయిన మనవారిని మన మెట్లు చూచుచున్నాము? ఎట్లు చూడవలెను?

నేను 35 సంవత్సరములు ఉన్నత పాఠశాలలో సంస్కృతము బోధించితిని. చాణక్యనీతిలో నొక శ్లోకము కలదు. ధననాశమును, మనస్తాపమును, ఇంటి గుట్టును, తాను వంచింపబడిన సంగతిని, పొందిన యవమానమును బుద్ధిమంతుడు వెల్లడి చేయరాదని దాని తాత్పర్యము. ఏటేట దానిని పిల్లలచేత కంఠస్థము చేయించితిని. ఆ శ్లోకమే యొకనాడు నా గొంతు పట్టుకొనునని యెఱుగనైతిని.

2024 జూలై మాసమున నొక యుదయము నాకు ఫోను వచ్చినది. నా పేర ముంబయినుండి విదేశమునకు పోవు పార్సిలులో మాదకద్రవ్యములు దొరికినవని యొకడు చెప్పెను. వాడు నన్ను మఱియొకనికి కలిపెను. ఖాకీ దుస్తులతో వీడియోలో నగపడిన యా రెండవవాడు నా ఆధారు సంఖ్యను తప్పులేకుండ చదివెను. మూడవవాడు న్యాయస్థానపు ముద్రగల కాగితమును చూపెను. ఎవరితోనైన చెప్పినచో నా కుమారుని గూడ నిర్బంధింతుమనిరి. రెండు దినములు గది తలుపు వేసికొని, భార్యతో "పని యున్నది" అని బొంకి, వారు చెప్పిన ఖాతాలకు 4,60,000 రూపాయలు పంపితిని. అది మనుమరాలి చదువునకై దాచిన సొమ్ము.

పంచతంత్రములో మేకను భుజముపై మోసికొనిపోవు బ్రాహ్మణుని కథ మీ రెఱిగినదే. ముగ్గురు ధూర్తులు ఒకరి తరువాత నొకరు ఎదురై అది కుక్క యనగా, అతడు మేకను దింపి పోయెను. ఆ కథ చెప్పినప్పుడెల్ల పిల్లలు నవ్విరి. వారితో నేనును నవ్వితిని. ఇప్పుడు నాకు నవ్వు రాదు. పరస్పరము సంబంధము లేనట్లు కనబడు ముగ్గురు ఒకే మాట చెప్పినప్పుడు తన కన్నులనే శంకించుట మనుష్యస్వభావము. ధూర్తులు పట్టుకొనునది మన మూర్ఖత్వమును మాత్రమే కాదు. మన భయమును, అధికారమునెడ మనకుగల గౌరవమును, బిడ్డలపై మన మమకారమును గూడ.

"డిజిటల్ అరెస్టు" అను నిర్బంధము మన చట్టములలో నెచ్చటను లేదు. 2024 అక్టోబరు 27వ తేదీన ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగమున ఈ సంగతినే దేశమునకు జెప్పిరి. దానిని నేనును వింటిని. విన్న పిదప గూడ నోరు విప్పలేదు. ఏల? అంతకు ముందేడు ఒక పెండ్లిపందిటిలో, మోసపోయిన యొక బంధువునుగూర్చి మనవారు మాటలాడుకొనుచుండిరి. "ఆశకు పోయినాడు, అనుభవించుచున్నాడు" అని యొకరు, "చదివినవాని తెలివి యింతేనా" అని మఱియొకరు ననిరి. ఆ నవ్వులో నేనును చేరితిని. ఆ బంధువు నాటినుండి ఏ శుభకార్యమునకును రాలేదు. నా వంతు వచ్చినప్పుడు ఆ నవ్వే నా చెవులలో మ్రోగినది.

ఆ కార్తికమాసమున మా వీధిలో మరమగ్గము నడుపు యువకుడొకడు అర్జీ వ్రాయించుకొనుటకు నాయొద్దకు వచ్చెను. ఫోనులో అప్పులిచ్చు యాప్‌ వారు అతని ఛాయాచిత్రమును వికృతము చేసి చుట్టములకందఱకు పంపిరట. ఏ కార్యాలయమునకు, ఏ క్రమమున వ్రాయవలెనో నేను తడుముకొనక చెప్పుచుండగా, "మాష్టరుగారూ, ఇవన్నియు మీకెట్లు తెలిసినవి?" అని యడిగెను. నా కలము నిలిచిపోయినది. నాలుగు మాసములు దాచిన మాటను, నా శిష్యుని వయస్సువానికి మొట్టమొదట చెప్పితిని. అతడు నవ్వలేదు. "నేనొక్కడనే ననుకొంటినండి" అని మాత్రమనెను.

ఆ రాత్రి నా భార్యకు చెప్పితిని. ఆమె, "తలుపు వేసికొన్ననాడే నాకు భయము పట్టినది. డబ్బు పోవునని కాదు, మీరు దక్కరేమో యని" యనెను.

బాంధవులారా! గుట్టు మానమును కాపాడునని మనము తలచుచున్నాము. అది ధనమును గూడ పోగొట్టును. మోసము జరిగినవెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేసినచో, సొమ్ము ఖాతానుండి ఖాతాకు జాఱకముందే దానిని నిలిపివేయుట కవకాశమున్నది. ఆ మొదటి గంటలు బంగారమువంటివి. నేను వానిని సిగ్గుపడుటలో గడపితిని. మొదటి దొంగతనము ధూర్తునిది. రెండవది మన నవ్వుది.

కలిసికట్టుగా నిలుచుటవలన ఫలములేకపోలేదు. అగ్రిగోల్డు సంస్థలో సొమ్ముంచి నష్టపోయినవారు లక్షలకొలదిగ నుండిరి. వారు బాధితుల సంఘముగా నేర్పడి, న్యాయస్థానములకును వీధులకును వచ్చి పోరాడిరి. 2019లో 10,000 రూపాయలలోపు, 2021లో 20,000 రూపాయలలోపు కట్టినవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సొమ్ము చెల్లించినది. అందు ఏజంట్లుగా పనిచేసినవారి దుఃఖము వేఱు. తాము నమ్మి, తమ చుట్టములచేతనే కట్టించి, రెండువిధములుగ చెడినవా రెందఱో. అట్టివారిని వెలివేయుట సులభము; వారి మాట వినుట ధర్మము.

సొమ్మునకై పోరాడుట యొకటి, మనస్సును నిలుపుకొనుట యింకొకటి. ఈ రెండవదానికి గూడ మార్గము కలదు. 1935లో అమెరికాదేశమున ఆక్రన్ పట్టణమందు త్రాగుడుచేత చెడిన యొక షేర్ల వ్యాపారియు, ఒక వైద్యుడును ఒకరి గోడు నొకరు విని నిలద్రొక్కుకొనిరి. దానినుండి దేశదేశములకు వ్యాపించిన గొప్ప సమాజము పుట్టినది. అందలి కిటుకొక్కటే: బాధపడినవాని మాటను బాధపడినవాడు వినుట. మా యూరిలో నేడు ఏడుగురము ఆదివారము సాయంకాలము కూడుచున్నాము. అందిద్దరు స్త్రీలు. పోయిన సొమ్ము మాలో నెవరికిని పూర్తిగా తిరిగి రాలేదు. నిద్ర మాత్రము వచ్చినది.

కావున ప్రతి శాఖాసంఘమును ఈ పనులు చేయవలెనని ప్రార్థించుచున్నాను.

మొదటిది: వారమునకొకసారి రెండు గంటలు ఒక గదిని ఇందులకై విడువవలెను. అచ్చట చెప్పిన మాట గడప దాటరాదు. "ఎందుకు నమ్మితివి?" అను ప్రశ్నను ఎవరును వేయరాదు.

రెండవది: ఫోను వాడుకలో నేర్పరులైన యువకులు ఇద్దరు, 1930కిని, బ్యాంకునకును, పోలీసులకును వెంటనే ఫిర్యాదు చేయించుటకు సిద్ధముగ నుండవలెను.

మూడవది: "మీ పోయిన సొమ్ము తెచ్చి యిత్తుము, ముందు రుసుము కట్టుడు" అని వచ్చువారిని నమ్మవద్దని ప్రతివానికిని చెప్పవలెను. పుండుమీద వ్రాలు ఈగలవలె వీరు మోసపోయినవారినే వెదకి వత్తురు.

నాలుగవది: నిద్రాహారములు మాని, బ్రతుకుపై విసుగు మాటలాడువారిని ఒంటరిగా విడువరాదు. 2022లో కేంద్రప్రభుత్వము స్థాపించిన టెలి మానస్ అను సేవకు 14416 సంఖ్య ద్వారా తెలుగునందే మాటలాడవచ్చును. తప్పక వైద్యుని గూడ చూపవలెను.

పోషకులారా! ఈ పనికి మీ విరాళము నడుగుట లేదు. మీలో మోసపోయినవారు లేరని నేను నమ్మను. మీలో నొక్కరు ఆ గదిలో ముందుగా కూర్చుండి తమ కథ చెప్పినచో, పేదవాడు తలయెత్తి తరువాత కూర్చుండును. మీరీయదగిన గొప్ప దానమదియే.

మనది నేత నేర్చిన కులము. పోగు తెగినప్పుడు మనవాడు పోగును తిట్టడు. మగ్గము నాపి, ముడివేసి, మరల నాడె విసరును. నేను చెప్పిన యా శ్లోకము నవ్వువారి నడుమ బ్రతుకువానికై చెప్పినది. అది మన నడుమ అక్కఱలేని దినము రావలెనని కోరుచున్నాను.