బాలుని నోట తండ్రి పేరు



మహాలయ పక్షములో ఈ గచ్చిబౌలి ఆలయ మండపమునందు నాలుగు మాటలు చెప్పవలసినదిగా ధర్మకర్తలు కోరారు. తండ్రి వృద్ధుడై, మనుమలను ఎత్తుకొని, కాలము తీరి వెళ్ళినప్పుడు కొడుకు పెట్టే శ్రాద్ధము మీకందరకు తెలిసినదే. నలుబది యేండ్లు నిండకుండా వెళ్ళిపోయిన తండ్రి సంగతి వేరు. అతనిని స్మరించవలసినవాడు ఇంకా అక్షరములు దిద్దుకొనే పసివాడు. ఆ పసివాని గూర్చియే నేడు మనవి చేస్తాను.

మీలో చాలామంది పండుగలకు విజయవాడ దారిన స్వగ్రామములకు వెళ్ళేవారు. ఆ దారిలో సూర్యాపేట వస్తుంది. కర్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు గారి ఊరది. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, సైన్యములో చేరి, బీహార్ రెజిమెంటు 16వ బెటాలియనుకు అధిపతి అయినారు. 2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో వీరమరణము పొందారు. ఆయనతో కలిపి మనవారు 20 మంది అసువులు బాసారు. ఆయన వయస్సు 37 సంవత్సరములు. ఇంట తల్లిదండ్రులు, భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. 2021లో ప్రభుత్వము మహావీర చక్రము ప్రకటించినది, సూర్యాపేటలో విగ్రహము నిలిచినది. దేశము తన వంతు స్మరణ చేసినది. అయితే దేశమునకు తెలిసినది ఆ ఒక్క రాత్రి. అటువంటి ఇంట పెరిగే పిల్లలకు కావలసినది ఆ రాత్రికి ముందున్న సంవత్సరములన్నీ.

కొడుకు ముందుగా పోయి తండ్రి మిగిలియుండుట ఎంతటి దుఃఖమో మన స్మృతికర్తలు ఎరుగుదురు. ఎరుగుదురు గనుకనే దానికొక విధి వ్రాశారు. శ్రాద్ధములో తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరములను వసు, రుద్ర, ఆదిత్య రూపులుగా భావించి పిలుస్తాము. మరి తండ్రి గతించి తాత జీవించియుంటే? తండ్రి పేరు చెప్పి, తాతను విడిచి, ముత్తాత పేరు చెప్పవలెనని మనువు శాసించాడు. అంతటితో ఆగక, ఆ తాతయే మనుమడు పెట్టే శ్రాద్ధమునందు భోక్తగా కూర్చుండవచ్చునని కూడ చెప్పాడు. ఒక్కసారి ఆ దృశ్యము ఊహించండి. పసివాడు తండ్రి పేరు పలుకుతున్నాడు. ఆ పేరు పెట్టిన తాత ఎదుట విస్తరి ముందు కూర్చుండి వింటున్నాడు. నా చిన్ననాట పాఠశాలలో ఈ శ్లోకములను వల్లించాను గాని, వీటిలోని బరువు నాకు అరువదియేండ్లు దాటిన తరువాతనే తెలిసినది.

ఉపనయనము కాని బాలునికి వేదోచ్చారణ నిషిద్ధము. ఆ నిషేధమునకు మనువు చేసిన సడలింపు ఒక్కటే ఉన్నది: పితృకర్మలో పలుకవలసిన మంత్రములు. తండ్రిని పిలుచుకొనుటకు పిల్లవాడు జందెము పడువరకు వేచియుండనక్కరలేదు. ఇక ఆడపిల్లల కర్మాధికారము గూర్చి పెద్దలలో అభిప్రాయభేదములు ఉన్నవి. స్మరించుటకు మాత్రము వారికి ఎవరి అనుమతియు అక్కరలేదు.

ఇప్పుడు ఈ ప్రాంతపు ఎత్తైన ఇండ్లకు ఆబ్దికములు చేయించుటకు వెళ్ళినప్పుడు ఒకటి చూస్తున్నాను. పిల్లవానిని లోపలి గదిలో కూర్చుండబెట్టి, చేతికి సెల్‌ఫోను ఇచ్చి, తలుపు దగ్గరగా వేస్తారు. "వానికి గుర్తు చేయకండి స్వామీ, ఏడుస్తాడు" అంటారు. ప్రేమతోనే అంటారు, కాదనను. కాని ఇంటిలో ఎవ్వరును పలుకని పేరు గూర్చి పిల్లవాడు ఏమనుకుంటాడు? అడుగరానిదని అనుకుంటాడు. తరువాత అడుగడు. పెద్దలు దానిని చూచి మరచిపోయాడని తలుస్తారు.

భారత వంశములో ఈ దుఃఖము మరల మరల కనబడుతుంది. పదునారేండ్ల అభిమన్యుడు పద్మవ్యూహములో పడిపోయినాడు. కొడుకు ఇంకా ఉత్తర గర్భములో ఉన్నాడు. పుట్టిన పిమ్మట ఆ శిశువు, గర్భములో తాను దర్శించిన పురుషుడు వీరిలో ఎవరా అని కనబడిన ప్రతి ముఖమును పరీక్షించి చూచేవాడట. అందుకే పరీక్షిత్తు అని భాగవతము. అతడు వెదకినది పరమాత్మను, నిజమే. అయినను తండ్రి లేని పిల్లలు వచ్చినవారి ముఖములలోనికి చూచే చూపు మీరు చూచియుంటే, వ్యాసుల వారు ఎంత దగ్గరగా చూచి వ్రాశారో తెలుస్తుంది.

ఆ పరీక్షిత్తు తక్షకుని కాటుకు పోయేనాటికి అతని కొడుకు జనమేజయుడును బాలుడే. పెద్దవాడైన తరువాత మంత్రులను పిలిచి, నా తండ్రి ఎట్లు నడచుకొన్నాడు, ఎట్లు మరణించాడు, చెప్పండని అడిగాడు. మంత్రులు చెప్పిన వరుస గమనించండి. ముందు ఆయన ప్రజలను ఎట్లు కాపాడాడో చెప్పారు. మరణమును తరువాత చెప్పారు. అలసిన వేళ మౌనవ్రతములో ఉన్న శమీక మహర్షి మెడలో చచ్చిన పామును వేసిన తప్పును కూడ దాచలేదు. ఆ మంత్రులు మంచివారు. అయినను జనమేజయుని మనస్సులో నిలిచినది చివరి భాగమే. దానినుండి సర్పయాగము పుట్టినది. దానిని ఆపిన ఆస్తీకుడు ఎవరు? తాను పుట్టకముందే తండ్రి జరత్కారువు విడిచి వెళ్ళిన పిల్లవాడు. తల్లి గర్భములో బిడ్డ "అస్తి", ఉన్నాడు అని తండ్రి వెళ్ళుతూ అన్న ఆ ఒక్క మాటయే అతనికి పేరైనది. తండ్రి విడిచిన ఆ మాటను ఇంటివారు పోనీయలేదు.

సాధారణముగా మరణించిన తిథినాడే మహాలయము పెడతారు. శస్త్రము వలన మరణించినవారికి ఈ పక్షములో చతుర్దశి ప్రత్యేకము. మరునాడే, తెలంగాణలో పెత్రమాస అని పిలిచే అమావాస్య. యుద్ధములో పోయిన వారిని ఈ చతుర్దశినాడు తలచుకొనుట మన ఆచారము.

మీ ఇంట అటువంటి బాలుడుంటే, ఆనాడు వానిని గదిలో ఉంచకండి. పీట వేసి ప్రక్కన కూర్చుండబెట్టండి. గోత్రము, పేరు వానిచేత పలికించండి. నోరు తిరుగకపోతే పురోహితుడు ముక్కలు ముక్కలుగా చెప్పిస్తాడు. విస్తర్లు తీసిన పిమ్మట నాయనమ్మయో, మేనత్తయో, కలసి చదివిన స్నేహితుడో ఒక్క సంగతి చెప్పండి. మీ నాన్న ఏ కూర ఇష్టముగా తినేవాడు, ఏ పాఠమంటే తప్పించుకొనేవాడు, నీవు పుట్టినరోజున ఏమన్నాడు. ఏడాదికి ఒక్కటి చాలును. వాడు ఏడిస్తే ఏడువనివ్వండి, మీరును ఏడువండి. వాడు మరల అడుగుతాడు.

స్వస్తి.